పదివేల గంటల లెక్క: పదిమంది వయొలిన్ విద్యార్థుల నుంచి ప్రపంచ సూత్రం దాకా

పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా, ఏ విద్యలోనైనా ఆరితేరవచ్చు. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో, కాలేజీ ఫ్రెషర్స్ డే ఉపన్యాసాల్లో, యూట్యూబ్ షార్ట్స్‌లో ఈ మాట ఎంతగా నలిగిందంటే, అసలు దీని మూలం ఎక్కడుందని అడిగేవాళ్లే లేరు. మూలం ఉంది. అది 1993లో అచ్చయిన ఒక పరిశోధన పత్రం. ఆ పదివేల అంకె ఏ బృందం నుంచి వచ్చిందో అందులో ఉన్నది పదిమంది. పైగా, ఈ సూత్రం ఆ పత్రంలో ఎక్కడా లేదు.

పాపులర్ సైన్స్ పుస్తకాలు ఇష్టంగా చదివేవాళ్లు ఈ అంకె ప్రయాణాన్ని ఒకసారి దగ్గరగా చూడటం మంచిది. ఇలాంటి పుస్తకాలు పచ్చి అబద్ధం చెప్పడం అరుదు. అంకెని ఉంచి దాని షరతుల్ని వదిలేయడం మాత్రం చాలా మామూలు. ఏ షరతు ఏ మెట్టు మీద జారిపోయిందో పట్టుకోగలిగితే, అదే పద్ధతి నిద్ర మీద, ఆహారం మీద, మెదడు మీద వచ్చే పుస్తకాలకీ పనికొస్తుంది.

బెర్లిన్‌లో కొలిచింది ఏమిటి

స్వీడన్‌లో పుట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త అండర్స్ ఎరిక్‌సన్, రాల్ఫ్ క్రాంపె, క్లెమెన్స్ టెష్-రోమర్ కలిసి రాసిన ఆ పత్రం 'సైకలాజికల్ రివ్యూ' పత్రికలో వచ్చింది. పశ్చిమ బెర్లిన్ సంగీత అకాడమీలో వయొలిన్ విద్యార్థుల్ని వాళ్లు మూడు బృందాలుగా తీసుకున్నారు. అంతర్జాతీయ సోలో కళాకారులు కాగలరని ఆచార్యులు పేర్లు చెప్పినవాళ్లు పదిమంది. అదే శాఖలో బాగానే వాయిస్తారు గానీ ఆ స్థాయి కాదనిపించుకున్నవాళ్లు పదిమంది. ప్రవేశ ప్రమాణాలు కాస్త తక్కువగా ఉండే విభాగంలో, సంగీతం టీచర్లు కావడానికి చదువుతున్నవాళ్లు మరో పదిమంది.

వాళ్లని అడిగింది ఇది: వయొలిన్ పట్టిన నాటి నుంచి, ఏ వయసులో వారానికి ఎన్ని గంటలు ఒంటరిగా సాధన చేశారు? దానితో పాటు ఒక వారం డైరీ కూడా రాయించారు. 18 ఏళ్లు నిండేసరికి మొదటి బృందం సగటు 7,410 గంటలు, రెండోది 5,301, మూడోది 3,420. పోల్చడానికి బెర్లిన్‌లోని రెండు పెద్ద ఆర్కెస్ట్రాల్లో పనిచేస్తున్న నడివయసు వయొలినిస్టుల్నీ అడిగితే, 18 ఏళ్లకి వాళ్ల సగటు 7,336 అని తేలింది. అగ్రశ్రేణి విద్యార్థుల అంకెకి ఇది దాదాపు సమానం.

మరి పదివేలు ఎక్కడిది? అది మొదటి బృందానికి 20 ఏళ్లు వచ్చేనాటి సగటు. 20 దగ్గర గీత గీయడానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు. 18 దగ్గర గీసుంటే అది 'ఏడువేల నాలుగువందల గంటల సూత్రం' అయ్యేది, ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ విద్యార్థులు కూడా 20 ఏళ్లకి 'దిట్టలు' కారు, ఇంకా విద్యార్థులే. పెద్ద అంతర్జాతీయ పోటీలు గెలిచే పియానో కళాకారుల వయసు 30 దగ్గర ఉంటుందని, అప్పటికి వాళ్ల సాధన 20,000 నుంచి 25,000 గంటలు దాటుతుందని ఎరిక్‌సనే తర్వాత రాశాడు.

ఇంకో సంగతి పత్రంలోనే ఉంది, బయట ఎవరూ చెప్పరు. డైరీ రాసిన వారంలో మొదటి బృందం, రెండో బృందం ఒంటరి సాధనలో తేడా లేకుండా ఉన్నాయి. రెండింటికీ వారానికి 24.3 గంటలు. మూడో బృందానికి 9.3. అంటే 'అత్యుత్తమం', 'మంచి' అనే రెండు బృందాల మధ్య గంటల తేడా కనిపించేది చిన్నప్పటి సాధన లెక్కలోనే. ఆ లెక్కకి ఆధారం జ్ఞాపకం. ఎనిమిదేళ్ల వయసులో వారానికి ఎన్ని గంటలు వాయించారని ఇరవై మూడేళ్ల మనిషిని అడిగితే వచ్చే జవాబుకి ఎంత బరువు ఇవ్వాలో చదివేవాళ్లే ఆలోచించుకోవాలి.

నిజానికి పదివేల అంకె అంతకు ఇరవై ఏళ్ల ముందే ఒకసారి తలెత్తింది. 1973లో హెర్బర్ట్ సైమన్, విలియం చేజ్ చదరంగం గురించి రాస్తూ, మాస్టర్ స్థాయి ఆటగాడు బోర్డు ముందు పదివేల నుంచి యాభైవేల గంటలు గడిపి ఉంటాడని అంచనా వేశారు. అవి రెండూ ఒకదానికొకటి ఐదు రెట్ల దూరంలో ఉన్న అంకెలు. అంచనా అంటే అలాగే ఉంటుంది. సూత్రానికి మాత్రం ఒకే అంకె కావాలి.

పుస్తకంలోకి ఎక్కేటప్పుడు జారిపోయినవి

2008లో విలేకరి, రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకం 'అవుట్‌లయర్స్' వచ్చింది. అందులో ఒక అధ్యాయం పేరే పదివేల గంటల సూత్రం. బెర్లిన్ విద్యార్థుల పక్కన జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రంతా వాయించిన లివర్‌పూల్ రాక్ బృందం బీటిల్స్‌నీ, బడిలోనే కంప్యూటర్ టెర్మినల్ దొరికిన బిల్ గేట్స్‌నీ నిలబెట్టి ఆయన కథ అల్లాడు. చదవడానికి చాలా బాగుంటుంది. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది.

మొదట జారింది సగటు. పదిమంది సగటు పదివేలంటే కొందరు దానికి ఎంతో కింద, కొందరు ఎంతో పైన ఉన్నారని అర్థం. ఆ పదిమందిలో సగం మంది 20 ఏళ్లకి పదివేలు చేరనే లేదని ఎరిక్‌సన్ తర్వాత స్పష్టంగా చెప్పాడు. పుస్తకంలో అదే అంకె దాటాల్సిన గడపగా మారిపోయింది. సగటుకీ గడపకీ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ మొత్తం అర్థాన్ని తిప్పేస్తుంది. సగటు జరిగినదాన్ని చెబుతుంది. గడప జరగబోయేదానికి హామీ ఇస్తుంది.

రెండోది, గంటల్లో ఏం చేశారన్నది. ఎరిక్‌సన్ లెక్కపెట్టింది కేవలం వయొలిన్ చేతిలో ఉన్న సమయం కాదు. ఆయన మాటల్లో 'డెలిబరేట్ ప్రాక్టీస్' అంటే ఉన్న నైపుణ్యానికి కాస్త పైన ఉండే పనిని గురువు ప్రత్యేకంగా నిర్ణయించాలి. తప్పు వెంటనే తెలియాలి. సరిదిద్దుకుంటూ మళ్లీ మళ్లీ చెయ్యాలి. మనసంతా అక్కడే ఉండాలి. అది సరదాగా ఉండదు, రోజుకి నాలుగు గంటలకి మించి సాగదు. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకి ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. వచ్చిన కృతిని రోజూ పల్లవి నుంచి చరణం దాకా హాయిగా వాయించుకోవడం ఒకటి. తేలిపోతున్న ఒక్క సంగతిని విడదీసి, కాలం తగ్గించి, గమకం ఎక్కడ బెసుకుతోందో గురువు చూపిస్తుంటే ఆ నాలుగు స్వరాల్నే నలభైసార్లు అనడం ఇంకొకటి. ఎరిక్‌సన్ గడియారం రెండోదానికే నడుస్తుంది. బీటిల్స్ హాంబర్గ్‌లో చేసింది కచేరీ, సాధన కాదని ఆయన అభ్యంతరం చెప్పింది ఇందుకే.

మూడోది, ఎంచుకున్న ఉదాహరణలు. 1960లో హాంబర్గ్‌లోని కైజర్‌కెల్లర్ క్లబ్బులో బీటిల్స్‌తో పాటు వంతులవారీగా రాత్రుళ్లు వాయించిన మరో లివర్‌పూల్ బృందం ఉంది, రోరీ స్టార్మ్ అండ్ ద హరికేన్స్. అదే ఊరు, అదే వేదిక, అవే రాత్రులు. సంగీత చరిత్ర బాగా తెలిసినవాళ్లు తప్ప ఆ పేరు ఎవరూ విని ఉండరు. విన్నవాళ్లకైనా గుర్తుండేది వాళ్ల డ్రమ్మర్ వల్ల. అతను రింగో స్టార్, రెండేళ్ల తర్వాత బీటిల్స్‌లో చేరిపోయాడు. గెలిచినవాళ్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తే ప్రతి ఇంట్లో కష్టం కనిపిస్తుంది. కష్టపడిన వాళ్లందరి దగ్గరా మొదలుపెట్టి ముందుకి నడిస్తే ఏం కనిపిస్తుందో ఇలాంటి పుస్తకాలు చూపించవు.

ఇక్కడ గ్లాడ్‌వెల్‌కి న్యాయం చెయ్యాల్సిన మాట ఒకటుంది. ఆయన పుస్తకం మొత్తం వాదన 'కష్టపడితే ఎవరైనా పైకొస్తారు' అని కాదు, దాదాపు దానికి ఎదురు. పదివేల గంటలంటే ఎంత పెద్ద అంకో చూడండి, దాన్ని చేరాలంటే అమ్మానాన్నల డబ్బు, దొరికిన బడి, పుట్టిన సంవత్సరం, అన్నీ కలిసిరావాలి అన్నది ఆయన చెప్పదలచుకున్నది. ప్రతిభ అక్కర్లేదని తాను అనలేదని 2013లో వ్యాసం రాసి వివరించుకున్నాడు కూడా. కానీ పుస్తకం నుంచి ఉపన్యాసాలకి దిగేటప్పుడు ఆ వాదన కూడా ఊడిపోయి ఉత్త అంకె మిగిలింది. పత్రం నుంచి పుస్తకానికి ఒక పొర పోయింది. పుస్తకం నుంచి వాట్సాప్ ఫార్వర్డుకి ఇంకో పొర పోయింది.

ఆ ఉత్త అంకెని నమ్మితే ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు. రోజుకి 3 గంటలైతే పదివేలకి తొమ్మిదేళ్లు పైన పడుతుంది. రోజుకి 14 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు రెసిడెన్షియల్ కాలేజీలో చదివితే, ఇంటర్ రెండేళ్లకి 8,400 గంటలు. ఇంకో ఆరు నెలలు లాంగ్ టర్మ్‌లో కూర్చుంటే పదివేలు దాటేస్తుంది. ఈ లెక్కన మన జూనియర్ కాలేజీలు ఏటా లక్షలమంది భౌతిక శాస్త్ర దిట్టల్ని తయారుచేస్తూ ఉండాలి.

తర్వాతి పరిశోధనలు ఏమన్నాయి

2007లో ఫెర్నాండ్ గోబే, గియెర్మో కాంపిటెల్లి అర్జెంటీనాలో 104 మంది చదరంగం ఆటగాళ్ల సాధన లెక్క తీశారు. మాస్టర్ స్థాయికి చేరడానికి పట్టిన సగటు కాలం దాదాపు 11,000 గంటలు. ఇంతవరకే చూస్తే సూత్రం గెలిచినట్టే. కానీ అందరికంటే తొందరగా చేరినవాడికి పట్టింది 3,016 గంటలు, అందరికంటే ఆలస్యంగా చేరినవాడికి 23,608. ఇరవై అయిదువేలు దాటినా మాస్టర్ కానివాళ్లూ ఉన్నారు. మొదలుపెట్టిన వయసు కూడా బలంగా కనిపించింది: 12 ఏళ్లలోపు గట్టిగా మొదలుపెట్టినవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు అంతర్జాతీయ స్థాయి చేరితే, తర్వాత మొదలుపెట్టినవాళ్లలో ఆ వాటా వందకి రెండు దగ్గరే. చిన్నతనంలోనే తండ్రి కోనేరు అశోక్ దగ్గర ఆట నేర్చుకుని, 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి లాంటివాళ్ల జీవితాన్ని గంటల లెక్క ఒక్కదానితో చదవలేకపోవడానికి ఇదొక కారణం.

2014లో బ్రూక్ మక్నమారా, డేవిడ్ హాంబ్రిక్, ఫ్రెడరిక్ ఆస్వాల్డ్ అప్పటిదాకా వచ్చిన 88 అధ్యయనాల్ని, అంటే పదకొండువేల పైచిలుకు మనుషుల వివరాల్ని, ఒకచోట చేర్చి లెక్కగట్టారు. నైపుణ్యంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో సాధన వివరించగలిగింది చదరంగం లాంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21, క్రీడల్లో 18, చదువులో 4, ఉద్యోగ వృత్తుల్లో 1 శాతం కంటే తక్కువ. అన్నీ కలిపితే 12.

ఈ శాతాల్ని చదవడంలోనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. సంగీతంలో 21 శాతమంటే 'నైపుణ్యంలో 21 శాతం సాధన, 79 శాతం పుట్టుక' అని కాదు. అది మనుషుల మధ్య తేడాల లెక్క. గోదావరి డెల్టాలో ఒకే కాలువ కింద వంద ఎకరాలున్నాయనుకోండి. అన్నిటికీ నీళ్లు బాగా అందుతున్నాయి. ఎకరానికీ ఎకరానికీ దిగుబడి మారుతోందంటే ఆ తేడా విత్తనానిదో, ఎరువుదో, నేలలో చౌడుదో అవుతుంది. అంకెల్లో నీటి వాటా సున్నాకి దగ్గరగా తేలుతుంది. అంతమాత్రాన నీళ్లు లేకుండా వరి పండదు. అందరూ దాదాపు సమానంగా సాధన చేసే చోట సాధన వివరించే శాతం పడిపోతుంది. మొదలుపెట్టనివాళ్లని, ఇరవై ఏళ్లు చేసినవాళ్లని కలిపి కొలిస్తే అదే శాతం పెరిగిపోతుంది. కాబట్టి 'ఎంత శాతం' అన్న అంకె కనిపించగానే 'ఎవరిలో ఎవరితో పోల్చి' అని అడగాలి.

అదే విశ్లేషణలో మరో ఆసక్తికరమైన విషయముంది. గతాన్ని గుర్తుచేసుకుని చెప్పించిన అధ్యయనాల్లో సాధన వాటా 20 శాతం వచ్చింది. ప్రశ్నావళి నింపించినచోట 12. ఎప్పటికప్పుడు లాగ్ రాయించినచోట 5. కొలిచే పద్ధతి మారితే జవాబు నాలుగు రెట్లు మారుతోంది. బాగా వాయించగలిగినవాళ్లు తాము చిన్నప్పుడు ఎంతో కష్టపడ్డామని గుర్తుచేసుకోవడం మానవ సహజమే కదా.

ఎరిక్‌సన్ దీన్ని ఒప్పుకోలేదు. గురువు నిర్ణయించని, ఉత్త ఆటగా ఆడుకున్న గంటల్ని కూడా వాళ్లు సాధన కింద కలిపేశారని, తన అసలు నిర్వచనానికి సరిపోయే అధ్యయనాల్నే తీసుకుంటే వాటా చాలా ఎక్కువ వస్తుందని 2019లో తిరిగి లెక్కగట్టి చూపాడు. ఈ అభ్యంతరంలో పస ఉంది. కానీ అది రెండువైపులా తెగుతుంది: నిర్వచనం అంత ఇరుకైతే 'ఎవరైనా, ఏ విద్యలోనైనా' అన్న మాట ఇంకా ముందే కూలిపోతుంది. గురువు, పద్ధతి, ఎవరు మెరుగో తేల్చే కొలమానం, ఈ మూడూ స్థిరపడిన రంగాలు వయొలిన్, చదరంగం, జిమ్నాస్టిక్స్ లాంటివి కొన్నే. మేనేజ్‌మెంట్‌లోనో కథా రచనలోనో ఆ గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

2019లోనే మక్నమారా, మేఘా మైత్ర బెర్లిన్ అధ్యయనాన్ని అమెరికాలో మళ్లీ చేశారు. ఈసారి బృందానికి 13 మంది. ప్రశ్నలడిగే మనిషికి ఎదురుగా ఉన్నది ఏ బృందమో తెలియకుండా జాగ్రత్తపడ్డారు. అసలు అధ్యయనంలో ఈ జాగ్రత్త లేదు. 20 ఏళ్ల నాటికి 'అత్యుత్తమం', 'మంచి' బృందాలు రెండింటికీ దాదాపు 11,000 గంటలే వచ్చాయి. మూడో బృందానికి సుమారు 6,000. సాధన వివరించిన వాటా, పాత అధ్యయనంలో 48 శాతంగా లెక్కతేలినది, ఇక్కడ 26కి దిగింది.

మిగతా పుస్తకాలకి ఇదే పద్ధతి

ఒక పుస్తకం మొత్తాన్ని తనిఖీ చెయ్యడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. పుస్తకం ఏ వాక్యం మీద నిలబడిందో ఆ ఒక్కదాన్ని పట్టుకుంటే చాలు. సాధారణంగా అది అట్ట వెనకే ఉంటుంది.

ముందు వెనక పేజీల్లో నోట్సు చూడండి. ఈ తరహా పుస్తకాల్లో వాక్యం పక్కన చిన్న అంకె ఉండదు. పేజీ నంబరు, వాక్యంలోని మొదటి రెండు మాటలు ఇచ్చి ఆధారం చెబుతారు, అందుకే చాలామందికి నోట్సు ఉన్నట్టే తెలియదు. అక్కడ ఇంకో పాపులర్ పుస్తకమో పత్రికా వార్తో ఉంటే అది ఆధారం కాదు, ఇంకో మెట్టు మాత్రమే. దాని ఆధారం ఎక్కడుందో చూడాలి. తెలుగు అనువాదంలో నోట్సు లేకపోతే ఇంగ్లీషు ప్రతి నమూనా పేజీలు, గ్రంథాలయంలోని ప్రతి పనికొస్తాయి.

పత్రం పేరు దొరికాక దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పరిశోధన పత్రాల్ని వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో వెతకండి. మామూలు గూగుల్‌లో వెతికితే ముందు విశ్వవిద్యాలయం పత్రికా ప్రకటన వస్తుంది, అది పుస్తకం కంటే గట్టిగా డప్పు కొడుతుంది. డబ్బు కడితే గానీ తెరుచుకోని పత్రమైతే ఫలితం కింద 'ఆల్ వెర్షన్స్' నొక్కితే చాలాసార్లు రచయిత సొంత పేజీలో ఉచిత పీడీఎఫ్ దొరుకుతుంది. వైద్యానికి సంబంధించినవైతే పబ్‌మెడ్ సెంట్రల్‌లో చూడాలి. అసలు పని ఆ తర్వాతది: 'సైటెడ్ బై' నొక్కి, ఆ పత్రాన్ని ఉదహరించిన వాటిలోనే వెతికే గడిలో టిక్ పెట్టి 'రెప్లికేషన్' (అదే అధ్యయనాన్ని మళ్లీ చేసి చూడటం) అని, మళ్లీ 'మెటా ఎనాలిసిస్' (చాలా అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టడం) అని కొట్టండి. పైన చెప్పిన 2014, 2019 పత్రాల్లాంటివి ఇలాగే బయటపడతాయి.

పత్రం తెరిచాక సారాంశం దగ్గరే ఆగిపోకండి. రచయితలు తమకి నచ్చిన ఫలితాన్ని ముందు పెట్టేది అక్కడే. 'మెథడ్స్' భాగానికి వెళ్లి ఎవరు, ఎంతమంది, ఏం కొలిచారు అని చూడండి. ఎంతమంది అన్న అంకె పత్రం నడుస్తుండగా కరిగిపోవడం కూడా గమనించాలి. స్టాన్‌ఫర్డ్ మార్ష్‌మెలో ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. కాసేపు ఆగితే రెండు మిఠాయిలు ఇస్తామన్నప్పుడు ఎదురుగా ఉన్నదాన్ని తినకుండా ఆగగలిగిన చిన్నపిల్లలు పెద్దయ్యాక పరీక్షల్లో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారని పుస్తకాలు రాస్తాయి. మొదట ప్రయోగంలో పాల్గొన్న పిల్లలు 653 మంది. ఆ పిల్లలు పెద్దయ్యాక వచ్చిన 1990 పత్రానికి జవాబులు పంపినవి 185 కుటుంబాలు. మార్కులతో గట్టి సంబంధం కనిపించిన భాగంలో మిగిలినవాళ్లు 35 మంది. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగానికి తగ్గింది. ఇంటి పరిస్థితుల్నీ, పిల్లల తొలినాటి తెలివితేటల్నీ లెక్కలోకి తీసుకున్నాక అందులో మూడింట రెండు వంతులు మళ్లీ పోయింది.

రెండు విషయాల మధ్య సంబంధం ఎంత గట్టిదో చెప్పే అంకెని 'ఆర్' విలువ (సున్నా అంటే సంబంధం లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం) అంటారు. పత్రం దాన్ని ఇస్తే దాన్ని దానితోనే గుణించండి. 0.46 అంటే గట్టి సంబంధంలా వినిపిస్తుంది. 0.46 ఇంటూ 0.46 అంటే 0.21, తేడాల్లో 21 శాతం. సంగీతం అంకె అదే. ఆరోగ్యం పుస్తకాల్లో 'ముప్పు ఇంత శాతం పెరుగుతుంది' అని కనిపిస్తే, ఎంత మీద అని అడగండి. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. బ్రిటన్‌లో జీవితకాలంలో ఆ జబ్బు వచ్చేవాళ్లు వందకి ఆరుగురు ఉంటే, అది ఏడుగురు అవుతుందని దాని అర్థం. 18 శాతం అబద్ధం కాదు, వందకి ఒకరన్నదీ అబద్ధం కాదు. పుస్తకం ఏది ఎంచుకుందో చూస్తే దాని ఉద్దేశం తెలుస్తుంది.

అచ్చయిన సంవత్సరం అన్నిటికంటే తేలికైన పరీక్ష, అయితే అది రంగాన్ని బట్టి మారుతుంది. రష్యన్ రచయిత యాకొవ్ పెరెల్మాన్ 1913లో రాసిన భౌతిక శాస్త్ర వినోదాల్లో బలం, ఘర్షణ, ప్లవనం గురించిన పేజీలు ఈరోజుకీ చెక్కుచెదరలేదు. నండూరి రామమోహనరావు 'విశ్వరూపం' తెలుగు వచనం ఎలా రాయాలో నేర్చుకోవడానికి ఇప్పటికీ చదవాల్సిందే. కానీ విశ్వం వ్యాపించే వేగం పెరుగుతోందని 1998లో తేలింది, ఆ పుస్తకం అంతకు చాలా ముందుది. దాని పక్కన ఈ మధ్యది ఏదో ఒకటి పెట్టుకోక తప్పదు. మనస్తత్వ శాస్త్రంలో ఈ గడువు ఇంకా తక్కువ. 2015లో ఆ రంగంలో పేరున్న పత్రికల నుంచి 100 అధ్యయనాల్ని తీసుకుని మళ్లీ చేస్తే, గణాంకపరంగా నిలబడినవి 36 శాతం. అంతకు ముందు వచ్చిన మనస్తత్వ శాస్త్రం పుస్తకాల్ని ఈ అంకె పక్కన పెట్టుకుని చదవాలి.

నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్ 2011 పుస్తకం 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' కూడా దీనికి మినహాయింపు కాదు. వృద్ధాప్యానికి సంబంధించిన మాటలు చదివిన విద్యార్థులు నడవాలో మెల్లగా నడిచారన్న 1996 ప్రయోగం అందులో ఉంది. 2012లో బెల్జియంలో పరారుణ సెన్సార్లతో సమయం కొలిచి మళ్లీ చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషికి ఏ ఫలితం ఆశించాలో ముందే తెలిసినప్పుడు మాత్రం కనిపించింది. మరీ కొద్దిమందితో చేసిన అధ్యయనాల్ని అతిగా నమ్మానని కానెమన్ 2017లో బహిరంగంగానే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఇంటర్నెట్‌లో ఉంది, అల్మరాలోని పుస్తకంలో లేదు. అసలు పత్రాన్నే వెనక్కి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఫారం చివర కాకుండా మొదట్లోనే సంతకం పెట్టిస్తే జనం నిజాయితీగా నింపుతారన్న 2012 పత్రం అలాంటిది. అందులోని ఒక భాగం దత్తాంశాలు కల్పితమని తేలాక 2021లో పత్రిక దాన్ని రద్దు చేసింది. పత్రిక వెబ్‌సైటులో ఆ పత్రం మీద 'రిట్రాక్టెడ్' ముద్ర కనిపిస్తుంది. వెనక్కి తీసుకున్న పత్రాల్ని నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో పేరు కొట్టినా తెలిసిపోతుంది.

రచయిత ఎవరన్నదాన్ని బట్టి పొరపాటు తీరు కూడా మారుతుంది. విలేకరి రాసిన పుస్తకంలో కథ సాఫీగా నడవడం కోసం అడ్డొచ్చే అధ్యయనాలు పోతాయి. శాస్త్రవేత్త తన సొంత పరిశోధన గురించి రాసిన పుస్తకంలో ఎదుటి శిబిరం మాట పోతుంది. రెండోది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే వివరాలన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎరిక్‌సన్ 2016లో రాసిన 'పీక్' అలాంటిదే: గ్లాడ్‌వెల్‌ని సరిదిద్దే పేజీలు చాలా విలువైనవి, సహజ ప్రతిభ గురించి రాసిన పేజీల్ని మాత్రం హాంబ్రిక్, మక్నమారాల పత్రాలు ఎదురుగా పెట్టుకుని చదవాలి.

ఇంతా చేశాక జారే చోటు ఇంకొకటుంది. 2014 విశ్లేషణ వచ్చినప్పుడు 'సాధన వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు' అని శీర్షికలు పెట్టిన పత్రికలున్నాయి. అదీ అంకెని షరతుల నుంచి ఊడబెరకడమే. అదే ఏడాది స్వీడన్‌లో పదివేలమందికి పైగా కవలల మీద చేసిన అధ్యయనంలో, ఒకే రూపు కవలల్లో ఒకరు రెండోవారికంటే వేల గంటలు ఎక్కువ సంగీతం సాధన చేసినా స్వరభేదాన్ని, లయని గుర్తించే పరీక్షలో తేడా రాలేదు. దీన్నీ 'సాధన వృథా' అని చదివారు. ఆ పరీక్ష కొలిచింది వినికిడిలో సూక్ష్మతని. వాయిద్యం చేతికిచ్చి వాయించమని ఎవరూ అడగలేదు. ఇక 2019లో మళ్లీ చేసిన వయొలిన్ అధ్యయనంలో పై రెండు బృందాల మధ్య గంటల తేడా చెరిగిపోయిన మాట నిజమే గానీ, ఆ రెండిటికీ మూడో బృందానికీ మధ్య అయిదువేల గంటల తేడా అలాగే ఉంది.